మా కల్లం మీదుగా విమానం

మా నాన్న దశరథరామయ్య నలభై తొమ్మిదో ఏట విమానం నేర్చుకున్నాడు. నేర్పింది హైదరాబాదు ఫ్లయింగ్ క్లబ్బులో కెప్టెన్‌గారని మా ఊళ్ళో ఇప్పటికీ అనుకుంటారు. అనుకోనివ్వండి. ఆయన ఎగరడం నేర్పాడు, కాదన్ను. ఎటు ఎగరాలో నేర్పింది మాత్రం నేను. 1979లో, మిరపకాయ కల్లాల్లో ఉన్న మూడు నెలల్లో, మా ఇంటి వసారాలో.

దీనికంతటికీ మూలం ఒక్క మాట. అంతకుముందు అక్టోబర్లో పత్తికి పురుగు తగిలితే పైనుంచి మందు కొట్టడానికి విమానం తెప్పించారు. అది మా ఊరి బీట్లో దిగింది. నల్ల కళ్ళద్దాల కుర్రాడు ఒకడు దాన్ని నడిపాడు. నాన్న వాడికి కుర్చీ వేయించి, జగ్గయ్యపేట నుంచి సోడాలు తెప్పించి, "బాబూ, నన్నో చుట్టు తిప్పు" అని అడిగాడు. వాడు సోడా తాగి మూతి తుడుచుకుని, "పెద్దాయనా, ఎక్కి కూర్చోడానికి ఇదేమన్నా ఎడ్లబండా?" అన్నాడు. ఊరంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది మా మేనమామ జగన్నాథరావు.

నాన్న మీసం మీద చెయ్యేశాడు. "వచ్చే ఉగాది నెల తిరక్కముందే ఈ ఊరి మీదుగా నా చేత్తో విమానం తోలకపోతే ఈ మీసం తీసేస్తా. రాసుకో బామ్మర్దీ!"

తోలడం అనే అనేవాడు, చివరిదాకా. విమానమైనా ట్రాక్టరైనా ఆయనకి తోలేదే.

అన్నంత పనీ చేశాడు. నవంబర్లో క్లబ్బులో చేరాడు. వారానికి నాలుగు రోజులు హైదరాబాదులో, మూడు రోజులు ఊళ్ళో. గాల్లోకి లేపడం, దించడం తొందరగానే పట్టుబడ్డాయి. ముప్ఫయ్యేళ్ళు తిక్క ఎడ్లతో వేగిన చెయ్యి మరి! బోల్తా కొట్టింది రాత పరీక్షలో. ఫిబ్రవరి మొదట్లో బస్సు దిగి, సంచీ అరుగు మీద పడేసి, "పోయింది" అన్నాడు.

"ఏం పోయింది నాన్నా?" అన్నా.

"పరీక్ష. రెండు విమానాలు ఎదురెదురుగా వస్తే ఏం చెయ్యాలని అడిగారు. అవతలివాణ్ణి జరగమనాలని రాశా."

"ఇద్దరూ కుడిపక్కకి తిప్పుకోవాలి నాన్నా!"

"నేనెందుకు తిప్పుకోవాలే? నందిగామ రోడ్డు మీద ఏనాడన్నా తిప్పుకున్నానా?"

నిజమే, ఏనాడూ తిప్పుకోలేదు. లారీవాళ్ళే ఆయన జీపు చూసి మట్టిలోకి దిగేవాళ్ళు.

ఆ సంచీలోంచి ఒక పుస్తకం బయటపడింది. పైలట్ల కోసం రాసిన వాతావరణ శాస్త్రం. నేను అంతకుముందు ఏడే బెజవాడలో బీయెస్సీ పూర్తిచేసి, సంబంధాలు చూస్తున్నారు గనక ఇంట్లో కూర్చుని జంతికలు వత్తుతున్నా. తోచక ఆ పుస్తకం తెరిచా. తెరిచానంతే, నాకు పిచ్చెక్కిపోయింది. మా పెరట్లోంచి రోజూ కనపడే మబ్బులకి ఇంత కథ ఉందా! గాలి ఎందుకు మళ్ళుతుందో, వాన ఎక్కడ ముదురుతుందో ఎవరో మనుషులు కూర్చుని లెక్క కట్టారా! రెండు రోజుల్లో నమిలేశా. ఇదే చదువు వాల్తేరులో ఎమ్మెస్సీగా చెప్తారని తెలిశాక ఇక అన్నం సయించలేదు.

కానీ రెడ్డిగూడెం సంబంధం వాళ్ళు ఉగాది వెళ్ళాక రెండో ఆదివారం నన్ను చూడ్డానికి వస్తున్నారు. వాళ్ళు వచ్చారంటే నా చదువు అటకెక్కినట్టే.

"నాన్నా, ఆ పరీక్ష నేను చెప్తా నీకు. రెడ్డిగూడెం వాళ్ళు వచ్చేలోపు నీ లైసెన్సుకి కావల్సినవన్నీ అయిపోతే నన్ను వాల్తేరు పంపిస్తావా?"

"అవకపోతే?"

"నువ్వు ఎవరికి చేసుకోమంటే వాళ్ళకి, నోరెత్తకుండా చేసుకుంటా."

నాన్న నన్ను ఎగాదిగా చూశాడు. నేను నోరెత్తకుండా ఉండటమంటే చిన్న సంగతి కాదని ఆయనకి తెలుసు. "సరే. మాటంటే మాటే" అన్నాడు. ఆయన మీసానికీ నా చదువుకీ ఇంచుమించు ఒకటే గడువు.

మర్నాటి నుంచి మా వసారా బడి అయింది. నాన్న వాలుకుర్చీలో కూర్చునేవాడు. మోకాళ్ళ మధ్య రోకలి, అది విమానం కర్ర. కాళ్ళ కింద రెండు చేటలు, అవి పెడల్సు. నేను స్కేలు పట్టుకుని "ఎడమ గాలి!" అని అరిస్తే ఆయన చేట తన్నాలి. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి, మా అమ్మ రత్తమ్మని పక్కకి పిలిచి, "ఎప్పణ్ణించండీ?" అని అడిగేవాళ్ళు.

అమ్మ భయం అమ్మది. ఆ చిన్న విమానం పేరు పుష్పక్. దాని రెక్కలకి రేకు ఉండదు, చట్రం మీద గుడ్డ బిగించి రంగు పూస్తారు. ఆ మాట పొరపాటున నాన్న నోట్లోంచి వచ్చింది.

"గుడ్డా? గుడ్డ విమానంలో తిరుగుతున్నారా ఇన్నాళ్ళూ? పైన చిరిగితే?"

"చిరగదే."

"చిరగని గుడ్డ ఈ భూమ్మీద ఉందా?" అని, ఆ వారం ఆయన సంచీలో పెరుగన్నంతో పాటు సూదీ దారం పెట్టింది. పెద్ద సూది, గోతాలు కుట్టేది.

మబ్బుల పేర్లు నాన్న నోటికి ఎంతకీ పట్టేవి కావు. చివరికి నేను వాటికి మా చుట్టాల్ని తగిలించా. క్యుములోనింబస్ అంటే జగన్నాథరావు మామయ్య: పొద్దున ఏమీ ఉండదు, మధ్యాహ్నానికి పొంగుతాడు, సాయంత్రం ఉరిమి ఎవరి మీద పడతాడో తెలీదు, ఆమడ దూరాన తప్పుకు పోవాలి. స్ట్రాటస్ అంటే అమ్మ: కురవదు, తెరిపివ్వదు, రోజంతా ముసురుకుని ఉంటుంది. నాన్నకి ఆ రోజు నుంచి ఒక్క మబ్బు తప్పిపోలేదు. అమ్మ మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు, అచ్చంగా స్ట్రాటస్ లాగే.

తేలనిది ఒక్కటే తగువు, దిక్సూచిది.

"ముందు దిక్సూచి, తర్వాత గడియారం, ఆ తర్వాతే కన్ను" అనేదాన్ని. "గుర్తు కనపడగానే టైము చూడాలి. చూసింది చూసినట్టు రాయాలి."

"నా ఊరు నాకు కనపడదా? నా చేను నాకు తెలీదా?"

"పైనుంచి అన్ని ఊళ్ళూ ఒకలాగే ఉంటాయి నాన్నా."

"నువ్వెక్కావా?"

"పుస్తకంలో ఉంది."

"పుస్తకం రాసినవాడు మన ఊరొచ్చాడా?" అని కండువా దులుపుకుని లేచిపోయేవాడు.

మార్చి ఆఖర్న రాత పరీక్ష పాసయ్యాడు. ఇక మిగిలింది ఒంటరి ప్రయాణం. పక్కన ఎవరూ లేకుండా హైదరాబాదులో గాల్లోకి లేచి, గన్నవరంలో దిగి, సంతకం పెట్టించుకుని తిరిగి వెళ్ళాలి. దారిలో నాలుగు గుర్తులు ఎన్ని గంటలకి దాటాడో చిట్టాలో రాయాలి. దిక్కు నూట పన్నెండు డిగ్రీలు. ఆ గీత జగ్గయ్యపేటకి దక్షిణంగా వచ్చి, మా ఊరి మీదుగా నందిగామకి పోతుంది. ఏడింటికి లేస్తే ఎనిమిదీ ఇరవై ఎనిమిదికి మా ఊరు. లెక్క నేనే కట్టా.

అక్కడ నాన్న తెలివి ఉపయోగించాడు. "నా కల్లంలో మిరపకాయలు బాణంలా పోయించండి. ముక్కు నందిగామ వైపు. పైనుంచి ఎర్రగా కనపడుద్ది, ఇక తప్పేదేముంది?" అని చెప్పి సోమవారం ఎగరడానికి హైదరాబాదు వెళ్ళాడు.

ఊళ్ళో రహస్యం ఆగుతుందా? రామయ్య కల్లంలో బాణం పోశాడట అనేసరికి జగన్నాథరావు మామయ్య తన కల్లంలో దానికి రెట్టింపు బాణం పోయించాడు. ముక్కు తన మేడ వైపు. "మా బావ వస్తా వస్తా మా ఇంటి మీద నించి రావద్దా?" అని. అది చూసి పక్క కల్లం వాళ్ళు, వాళ్ళని చూసి ఆ పక్కవాళ్ళు. ఆదివారం పొద్దుగూకేసరికి ఊరి చుట్టూ పదిహేడు కల్లాల్లో పదిహేడు ఎర్ర బాణాలు. ఎవరి బాణం వాళ్ళింటి వైపు.

సోమవారం పొద్దున సరిగ్గా ఎనిమిదీ ఇరవై ఎనిమిదికి మోత వినపడింది. పడమటి నుంచి చిన్న విమానం, ఎండకి మెరుస్తూ. ఊరు ఊరంతా కేకలు, ఈలలు. విమానం మా మీదుగా వచ్చింది. కాస్త ఒరిగింది. మామయ్య కల్లం వైపు తిరిగింది. మళ్ళీ ఒరిగి మా వైపు వచ్చింది. అటునుంచి వత్సవాయి వైపు పోయి, పోయినట్టే పోయి వెనక్కి వచ్చింది.

"చుట్టు తిప్పుతున్నాడ్రా! మా కోసమే!" అని ప్రతి కల్లంలోనూ ఎగురుతున్నారు.

నేను గడియారం చూస్తున్నా. అయిదు నిమిషాలు. పది. పదిహేను. నాకు ఏడుపొచ్చేస్తోంది. ఆయన చుట్టు తిప్పడం లేదు, దారి తప్పాడు. ఇరవయ్యేడు నిమిషాలు మా నెత్తి మీదే తిరిగి, చివరికి ఎటో ఒక దిక్కున పోయాడు.

మంగళవారం సాయంత్రం చిట్టాతో సహా ఇంటికొచ్చాడు. నా చేతికిచ్చాడు. నాన్న ముత్యాల్లాంటి చేతిరాత:

8-28 మా ఊరు.
8-33 జగన్నాథరావు కల్లం.
8-38 మళ్ళీ మా ఊరు.
8-44 ఇదేదో తెలియదు.
8-50 మళ్ళీ జగన్నాథరావు కల్లం.
8-55 ఇక చాలు, రోడ్డు పట్టుకున్నాను.

"కెప్టెన్‌గారేమన్నారు?"

"మీ ఊరికి కాపలా కాయమన్లేదు, దాటి పొమ్మన్నా అన్నాడు. ఇది చెల్లదట. శుక్రవారం మళ్ళీ పొమ్మన్నాడు. అదీ తప్పితే మే నెల దాకా విమానం ఖాళీ లేదంట."

ఊరి మీదుగా తోలాడు గనక నాన్న మీసం దక్కింది, రెడ్డిగూడెం వాళ్ళు వచ్చేది మాత్రం ఆ ఆదివారమే. నా గుండె కల్లంలో కాయలా ఎండిపోయింది.

"నాన్నా, మా ఊరు ఎనిమిదీ ఇరవై ఎనిమిది అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఎవరికి తెలిసేది? గన్నవరం ఆలస్యానికి ఎదురుగాలి అంటే సరిపోయేదిగా!"

నాన్న తెల్లబోయి చూశాడు. "నువ్వే గదమ్మా చెప్పావు, చూసింది చూసినట్టు రాయాలని."

లోపలికి పోయి కాసేపు ఏడ్చా. నా మాట విని నా కొంప ముంచిన మొదటి శిష్యుడు ఆయన.

బాణాలు తీసెయ్యమని మామయ్యని అడిగా. "ముందు మీ నాన్నని తియ్యమను" అన్నాడు. నాన్నని అడిగా. "నేను ముందు తీస్తే ఓడినట్టే" అన్నాడు. మిగతా పదిహేను మందీ ఆ ఇద్దరిలో ఎవరు ముందు తీస్తారా అని కూర్చున్నారు. ఇలా కాదని గురువారం పొద్దున్నే చేతి దిక్సూచి పట్టుకుని కృపావతి దగ్గరికి పోయా.

ఊళ్ళో మిరపకాయ కల్లాల పనంతా కృపావతి ముఠాదే. కల్లాలు రైతులవి. రోజూ పొద్దున కాయ తిరగబోసేది, రంగు పోయిన తాలు కాయ ఏరేది, సాయంత్రం కుప్ప చేసి పట్టాలు కప్పేది ఆ ముప్పై మంది ఆడవాళ్ళు. ఊరికి తూర్పున వాళ్ళ పల్లె, చిన్న చర్చీ. మూతికి గుడ్డ కట్టుకుని మా కల్లంలో పని చేస్తున్న కృపావతికి సంగతంతా చెప్పా.

"రేపు పొద్దున తిరగబోసేటప్పుడు అన్ని బాణాలూ ఒకే దిక్కుకి తిప్పుతావా? ఏ దిక్కో నేను గీత గీసి చూపిస్తా. ఎవరికీ చెప్పొద్దు."

"కింద నిలబడితే బాణమేందో గుట్టేందో ఎవరికి తెలుస్తదిలే అమ్మాయిగారూ" అని, నేను గీసిన గీత వెంట కళ్ళు చికిలించి చూసింది. చూసి ఫక్కున నవ్వింది. "ఈ గీత సరాసరి మా పల్లె మీద నించి పోతందే!"

నేను మళ్ళీ దిక్సూచి పెట్టి చూశా. నూట పన్నెండు డిగ్రీలు, చర్చీ నడినెత్తి మీదుగా. గీతంతా వెతికినా ఒక్క రైతు మేడ కూడా తగల్లేదు.

"ఎవరింటికి వాళ్ళు బాణాలు పోయించుకున్నారు, మా చేత్తోనే. మా ఇళ్ళకి ఒక్కరూ పొయ్యమన్లా" అంది కృపావతి. "ఇప్పుడు పదిహేడూ మా వైపేనా? తిప్పుతాంలే. అడిగితే కాయ ఎటు దొర్లిందో మాకేం తెలుసంటాం."

శుక్రవారం తెల్లవారీ తెల్లవారకముందే పని మొదలైంది. నేను కల్లం నుంచి కల్లానికి పరిగెత్తి గీతలు గీయడం, వాళ్ళు పొడుగు కర్రకి బిగించిన చెక్క పలకలతో కాయ లాగడం. ఎనిమిదింటికి పదహారు అయ్యాయి. పదిహేడోది మామయ్యది, ఆ ఏనుగంత బాణం. సగం తిరిగేసరికి మామయ్య గడ్డివామి మీదకెక్కాడు, విమానం బాగా కనపడుతుందని. విమానం ఇంకా రాలేదు గానీ ఆయన బాణం ఎటు పోతోందో కనపడింది.

"ఒసే కృపావతీ! ఆ ముక్కు ఎటు తిప్పుతున్నావే? అది మీ పల్లె!" అని వామి మీద నించి జారి, పంచె ఎగగట్టుకుని కల్లంలోకి దూకాడు.

కృపావతి వాళ్ళవైపు చూసి కనుబొమ్మ ఎగరేసిందంతే. ఎనిమిది పలకలు ఒక్కసారిగా ఎండు కాయలోకి దిగాయి. చర్రుమని లాగారు. ఎర్రటి ఘాటు ఇంతెత్తున లేచింది. వాళ్ళ మూతులకి గుడ్డలున్నాయి. మామయ్యకి మీసాలు తప్ప ఏమీ లేవు.

తుమ్మాడు. రెండు. మూడు. ఏడు దాకా లెక్కపెట్టా. "ఓసి మీ... హాఛ్! మీ నాన్నకి... హాఛ్!" అంటూ కళ్ళు మూసుకుని కల్లం గట్టు మీద కూలబడ్డాడు. "అయ్యో బాబుగారూ, ఘాటండీ, ఎండు కాయకి దగ్గిరికి రాకూడదండీ" అని కృపావతి ఆయనకి మజ్జిగ పంపింది. ఆ మజ్జిగ తాగుతూ తుమ్ముతుండగానే మోత వినపడింది.

ఎనిమిదీ ఇరవై తొమ్మిది. విమానం పడమటి నుంచి వచ్చింది. ఒరగలేదు, ఊగలేదు. బడికి ఆలస్యమైన పిల్లాడిలా తల తిప్పకుండా మా కల్లం మీదుగా, చర్చీ మీదుగా, నందిగామ వైపు వెళ్ళిపోయింది. పల్లె వాళ్ళు వీధుల్లోకి వచ్చి చేతులూపుతున్నారు. కృపావతి పలక భుజాన పెట్టుకుని, అది చుక్కయ్యేదాకా చూసింది. నేను ఆమె భుజం పట్టుకుని ఎగిరా. సిగ్గెందుకు, ఏడ్చా కూడా.

శనివారం సాయంత్రం నాన్న నందిగామలో బస్సు దిగేసరికి సగం ఊరు అక్కడే ఉంది. కెప్టెన్‌గారు సంతకం పెట్టేశాడు, ఇక కాయితం రావడమే తరువాయి. ఊళ్ళోకొచ్చేదాకా అందరిదీ ఒకటే ప్రశ్న. "మా బాణం చూశావా?"

"చూశా. అన్నిటికంటే మీదే బాగుంది" అని పదిహేను మందికీ చెప్పాడు. ఎర్రబడ్డ ముక్కుతో జగన్నాథరావు మామయ్య వస్తే, "నీది మైలు దూరాన్నించి కనపడిందోయ్" అన్నాడు. మామయ్య కోపం సగం దిగింది.

ఇంటికొచ్చాక అన్నం వడ్డిస్తూ నేను అడిగా. "అన్నీ ఒకే దిక్కుకి ఉన్నాయా నాన్నా?"

"ఏవి?"

"బాణాలు! రెండు రోజులు చచ్చీ చెడీ తిప్పించా!"

నాన్న ముద్ద ఆపి, వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "ఒక్కటీ చూళ్ళేదే. కిందికి చూస్తే మళ్ళీ చెడిపోతానని భయమేసింది. నూట పన్నెండు మీద ముల్లు పెట్టా. గడియారం చూస్తా కూర్చున్నా. నువ్వు చెప్పిన టైముకి, నువ్వు చెప్పినవన్నీ వాటంతటవే కిందికొచ్చాయి."

ముందు నాకు ఒళ్ళు మండింది. ఆ తర్వాత పెరుగు తెస్తానని లోపలికి పోయి చాలాసేపు రాలేదు.

ఇంత హడావుడిలో నాన్న ఒక్క పని మర్చిపోయాడు. రెడ్డిగూడెం వాళ్ళని రావొద్దని కబురు పెట్టలేదు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి అంబాసిడర్ కారు మా గుమ్మంలో ఆగింది. పెళ్ళికొడుకు తండ్రి వెంకటరత్నంగారు, భార్య, కొడుకు, ఇంకో ముగ్గురు. అమ్మ నా మొహాన పౌడరు కొట్టి, పట్టుచీర చుట్టబెట్టి, చేతికి కాఫీల పళ్ళెం ఇచ్చి వంటింటి గుమ్మం దగ్గర నిలబెట్టింది. ముందుగదిలో మాటలు వినపడుతున్నాయి.

"క్షమించండి వెంకటరత్నంగారూ. ముందే చెప్పాల్సింది. ఇప్పుడు పెళ్ళి చెయ్యట్లేదండీ. అమ్మాయి వాల్తేరులో చదువుకోడానికి వెళ్తోంది."

"అదేంటండీ! మరి మమ్మల్నెందుకు రమ్మన్నట్టు?"

"అప్పటికి నేను పాసవలేదండీ."

వెంకటరత్నంగారికి ఏం అర్థమవుతుంది? కుర్చీలో కదిలాడు. "ఆడపిల్లకి ఇంకా చదువెందుకు రామయ్యగారూ? మీకెవరో లేనిపోనివి ఎక్కించారు."

"మాట ఇచ్చానండి."

"ఎవరికి?"

"నాకు పాఠం చెప్పిన మేష్టారికి."

"ఓస్, అంతేనా? ఆయన్ని ఇట్లా పిలిపించండి, నేను మాట్లాడతా. పెద్దమనిషైతే ఒప్పుకోకపోడు."

అప్పటికే అమ్మ నన్ను వీపు మీద ఒక్కటి తోసింది. నేను పళ్ళెంతో గది మధ్యకి వచ్చి పడ్డా. నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కూతురు కాఫీ తెస్తే లేచి నిలబడే తండ్రిని రెడ్డిగూడెం వాళ్ళు అంతకుముందు చూసి ఉండరు.

"వచ్చారండి, మాట్లాడండి" అన్నాడు.

ఆ పెళ్ళికొడుకు పాపం మంచివాడే, మొదటి గ్లాసు తనే అందుకున్నాడు. వెంకటరత్నంగారు నన్ను చూసి, నిలబడ్డ నాన్నని చూసి, "ఎన్నేళ్ళమ్మా చదువు?" అని అడిగాడు.

"రెండేళ్ళండి" అన్నా.

"అన్నాళ్ళు మేం ఆగలేమమ్మా."

వాళ్ళు ఆగలేదు. నేనూ ఆగలేదు. జూలైలో బెజవాడలో వాల్తేరు రైలెక్కా.